రెండో న్యుమోనియా తర్వాత ఎవరూ అడగని ప్రశ్న

వానాకాలం మొదలైందంటే హైదరాబాదులో పిల్లల వార్డులు నిండిపోతాయి. మంచం చుట్టూ చేరిన చుట్టాలు తలా ఒక కారణం చెబుతారు. ఫ్రిజ్ నీళ్ళు తాగించి ఉంటారు. నల్లా నీళ్ళలో డ్రైనేజీ కలిసి ఉంటుంది. స్కూలు గేటు దగ్గర పానీపూరీ తిని ఉంటాడు. పాలు తొందరగా మాన్పించేసింది కదా, ఇంక బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? దిష్టి తగిలింది, ముందు దిష్టి తీయండి. ఇలా ఎన్ని చెప్పినా చివరికి చాలావరకు తల్లి మెడకే చుట్టుకుంటాయి.

నీళ్ళూ తిండీ కారణం కాదని అనడం లేదు. చాలాసార్లు అవే కారణం. కానీ అదే నీళ్ళు తాగి, అదే గదిలో పడుకుని, అదే ఆటోలో స్కూలుకెళ్ళే అక్కకి ఏమీ కానప్పుడు, టీకాలన్నీ వేయించుకున్న తమ్ముడికి మాత్రం ఏడాదిలో రెండోసారి ఊపిరితిత్తుల్లో చీము పట్టిందంటే, బ్యాక్టీరియా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగి ఊరుకుంటే సరిపోదు. వీడి ఒంట్లో దాన్ని ఆపాల్సింది ఏది, అది ఎందుకు ఆపలేదు అని కూడా అడగాలి. కొందరు పిల్లల్లో దీనికి జవాబు ఒకే ఒక్క జన్యువులో ఉంటుంది. హైదరాబాదులో డాక్టర్లు ఉన్నారు, ల్యాబులు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి. అడిగే అలవాటే లేదు.

నేను డాక్టర్ని కాదు. బయోటెక్నాలజీ చదివి కొన్నేళ్ళు ల్యాబులో పనిచేశాను. ఇప్పుడు తార్నాకలో ఇంట్లో కూర్చుని మెడికల్ రిపోర్టులు దిద్దుతుంటాను. ఆ రిపోర్టుల్లో ఏం రాస్తారో, ఏం రాయరో చూసీ చూసీ ఈ మాత్రం చెప్పాలనిపించింది.

1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణంలో ఒక ఘోరం జరిగింది. క్షయ రాకుండా అప్పుడే పుట్టిన పిల్లలకి బీసీజీ టీకా నోట్లో వేశారు. తయారుచేసిన చోట ఆ టీకాలో అసలైన క్షయ బ్యాక్టీరియా కలిసిపోయింది. సుమారు 250 మంది పసికందుల కడుపులోకి అది వెళ్ళింది. డెబ్బై మందికి పైగా చనిపోయారు. మిగిలినవాళ్ళలో ఎక్కువమందికి జబ్బు లక్షణాలు కనబడి, క్షయకి మందే లేని ఆ రోజుల్లో, వాటంతటవే తగ్గిపోయాయి. అందరికీ ఒకే మోతాదు అందలేదు, ఒక్కో బ్యాచిలో కల్తీ ఒక్కోలా ఉంది. అందుకని తేడా అంతా పిల్లల జన్యువులదేనంటే ఒప్పుకోను. కానీ బ్యాక్టీరియా వచ్చిందంటే ప్రాణం పోయినట్టే అన్న లెక్క మాత్రం అక్కడ తప్పింది.

ఇంకా గట్టి సాక్ష్యం 1988లో డెన్మార్క్ నుంచి వచ్చింది. 1920లలో పుట్టి, దత్తత వెళ్ళిన 900 మందికి పైగా పిల్లల రికార్డులు తీసి, వాళ్ళు పెద్దయ్యాక ఎలా చనిపోయారో చూశారు. కన్నవాళ్ళలో ఒకరు యాభై ఏళ్ళలోపు ఇన్ఫెక్షన్‌తో పోయి ఉంటే, వేరే ఇంట్లో పెరిగిన బిడ్డ కూడా ఇన్ఫెక్షన్‌తో పోయే ప్రమాదం దాదాపు ఆరు రెట్లు. పెంచినవాళ్ళు ఇన్ఫెక్షన్‌తో పోతే అలాంటి సంబంధమేదీ తేలలేదు. క్యాన్సర్ విషయంలో లెక్క తలకిందులైంది: అక్కడ సంబంధం కన్నవాళ్ళతో కాదు, పెంచినవాళ్ళతో కనబడింది. మనమేమో క్యాన్సర్ అనగానే ‘వాళ్ళ వంశంలో ఉంది’ అంటాం, న్యుమోనియా అనగానే ‘చలిగాలి తగిలింది’ అంటాం.

ఇమ్యూనిటీ అనగానే చాలామంది మనసులో అపార్ట్‌మెంటు మీది నీళ్ళ ట్యాంకు ఉంటుంది. ఒకడికి నిండుగా ఉంది, ఇంకొకడికి సగమే ఉంది, చ్యవన్‌ప్రాశ్ తినిపిస్తే మట్టం పెరుగుతుంది. పిల్లల డాక్టర్లు ‘ఇమ్యూనిటీ తక్కువగా ఉందమ్మా’ అని ఒక సిరప్ రాసిచ్చి పంపించేటప్పుడు కూడా ఈ ట్యాంకు బొమ్మే పనిచేస్తుంది. అసలు సంగతి వేరు. ఏ జన్యువు చెడిందన్నదాన్ని బట్టి పిల్లాడు ఏ బ్యాక్టీరియాకి దొరికిపోతాడన్నది మారుతుంది, మిగతా వాటితో మామూలుగానే పోరాడతాడు.

1952లో అమెరికాలో ఆగ్డెన్ బ్రూటన్ అనే సైనిక వైద్యుడు ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి చూశాడు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా రక్తంలోకి పాకుతుంది, మందులతో తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూస్తే గామా గ్లోబ్యులిన్ ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. అంటే యాంటీబాడీలు లేవు. బయటి నుంచి గామా గ్లోబ్యులిన్ నెలనెలా ఇంజెక్షన్‌గా ఇస్తే పిల్లాడు కోలుకున్నాడు. లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్న బీటీకే జన్యువులో ఉందని తేలింది 1993లో. జన్యువు పేరు తెలియకుండానే నలభై ఏళ్ళు వైద్యం నడిచిందన్నమాట. ‘జన్యువు తెలిసి ఏం చేస్తాం’ అనేవాళ్ళకి ఇది ముందే చెప్పిపెడుతున్నాను.

ఐరాక్-4 అనే జన్యువు ఇంకా వింత. అది లోపించిన పిల్లల గురించి 2003లో బయటపడింది. దాని పక్కనే పనిచేసే మైడీ88 లోపం 2008లో. ఈ పిల్లలకి వైరస్ జ్వరాలు చాలావరకు అందరికీ వచ్చినట్టే వచ్చి పోతాయి. న్యుమోకాకస్, చీముగడ్డలు తెచ్చే స్టాఫిలోకాకస్ లాంటివి వస్తే మాత్రం రక్తంలోకి, మెదడు పొరల్లోకి పోతాయి. బ్యాక్టీరియా వచ్చిందని తెల్లకణాలకి కబురందే దారిలోనే లోపం కాబట్టి మొదట్లో జ్వరం పెద్దగా రాదు, రక్తపరీక్షలో ఇన్ఫెక్షన్‌ని పట్టించే సీఆర్‌పీ కూడా అంతగా పెరగదు. తల్లి ‘వీడు ఎందుకో నీరసంగా ఉన్నాడు’ అంటుంది, రిపోర్టు ‘ఏం లేదు’ అంటుంది. చిన్న వయసులో ఇలా ప్రాణాలు పోయిన పిల్లలు చాలామందే ఉన్నారు. అయితే కౌమారం దాటాక ఈ ఇన్ఫెక్షన్లు బాగా తగ్గిపోతాయి. అంటే ఆ కొన్నేళ్ళు టీకాలతో, రోజూ వేసే యాంటీబయాటిక్‌తో, అవసరమైతే యాంటీబాడీలు ఎక్కించి గట్టెక్కిస్తే, ఆ తర్వాత మామూలు మనిషిలా బతకగలడు. తెలిసినవాడు బతుకుతాడు, తెలియనివాడి సంగతి ఎవరూ చెప్పలేరు.

రక్తంలో ఉండి బ్యాక్టీరియాను చంపే కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల వరసలో చివరివి, సీ5 నుంచి సీ9 దాకా, లేనివాళ్ళకి ముఖ్యంగా ఒకే కుటుంబపు బ్యాక్టీరియాతో పేచీ: మెదడు పొరల జబ్బు మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్, దాని బంధువులు. రోగంతో పోరాడే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ఇంటర్‌ల్యూకిన్-12, ఇంటర్‌ఫెరాన్ గామా దారిలో లోపం ఉన్నవాళ్ళని రెండు జాతులు వదలవు: క్షయ కుటుంబపు సూక్ష్మజీవులు, టైఫాయిడ్ లాంటివి తెచ్చే సాల్మొనెల్లా. 1996లో ఈ దారిలో మొదటి జన్యువు దొరికింది. దొరికింది కూడా ఎలాగంటే, అందరికీ మంచి చేసే బీసీజీ టీకా కొందరు పసివాళ్ళలో ఒళ్ళంతా పాకిపోవడం చూసి. మన దేశంలో పుట్టగానే ప్రతి బిడ్డకీ ఎడమ భుజం మీద బీసీజీ వేస్తాం. అక్కడ చిన్న పుండు పడి మానడం మామూలే. చంకలో బిళ్ళ కట్టి చీము కారుతూ నెలల తరబడి మానకపోతే, దాంతోపాటు బిడ్డ బరువు పెరగకపోతే, అప్పుడు ఆలోచించాలి. దీన్ని చదివి ఎవరూ టీకా మానొద్దు. ఇంట్లో అంతకుముందు ఒక బిడ్డ నెలల వయసులో ఇన్ఫెక్షన్లతో పోయి ఉంటే మాత్రం, తర్వాతి బిడ్డకి బీసీజీ లాంటి బతికున్న సూక్ష్మజీవుల టీకా వేసేముందు డాక్టరుకి ఆ సంగతి చెప్పాలి. పరీక్ష చేశాక వేయొచ్చు.

మన ఇళ్ళల్లో బొడ్డు ఎప్పుడూడిందో అమ్మమ్మలు గుర్తుపెట్టుకుంటారు కదా, అదీ పనికొచ్చే సమాచారమే. తెల్లకణాలు రక్తనాళం గోడని పట్టుకుని బయటికి రాలేని లోపం ఒకటుంది. దానికి కారణం సాధారణంగా ఐటీజీబీ2 అనే జన్యువు. ఆ బిడ్డలకి బొడ్డు వారాల తరబడి ఊడదు, చుట్టూ ఎర్రబడుతుంది, రక్తంలో తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి, పుండు మీద మాత్రం చీము ఉండదు. చీము అంటే చచ్చిన తెల్లకణాలే కాబట్టి, పుండు దాకా అవి చేరకపోతే చీమెక్కడిది? బొడ్డు ఆలస్యంగా ఊడినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, చాలామందికి ఆలస్యమవుతుంది. అన్నీ కలిస్తేనే అనుమానం.

ఇలాంటి లోపాలు ఇప్పటికి 500కి పైగా లెక్కకెక్కాయి. ఒక్కొక్కటీ చాలా అరుదు. అన్నీ కలిపితే అంత అరుదు కాదు.

మా చిన్నాన్న కూతురికి ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, దాని ఆరోగ్యానికి ఢోకా లేదు. చిన్నవాడికి ఏడాది నిండకముందే మెడ దగ్గర బిళ్ళ కట్టి చీము పట్టింది. కోసి చీము తీశారు. కొన్నాళ్ళకి ఇంకోవైపు. చీముని కల్చర్‌కి, అంటే ల్యాబులో పెంచి ఏ బ్యాక్టీరియానో తేల్చే పరీక్షకి పంపకుండానే ‘టీబీ గడ్డలు’ అని తేల్చి, టీబీ మందులు మొదలుపెట్టారు. నెలలు గడిచాయి. బిళ్ళలు తగ్గలేదు సరికదా న్యుమోనియా వచ్చింది. ఆ రోజుల్లో మా చెల్లెలికి ఉన్న టెన్షన్ జబ్బుది ఒక్కటే కాదు. వాళ్ళ అత్తగారు రోజూ ఫోన్లో చుట్టాలకి ‘ఉద్యోగం ఉద్యోగం అని ఆర్నెల్లకే పాలు మాన్పించింది, ఇంకేముంటుంది’ అని, పక్కగదిలో దీనికి వినబడేలా చెప్పేది.

మూడో ఏట కాలేయంలో గడ్డ వచ్చింది. ఈసారి చూసిన పిల్లల డాక్టరు చీముని కల్చర్‌కి పంపించింది. స్టాఫిలోకాకస్ ఆరియస్ వచ్చింది. ఆ రిపోర్టు చూశాక ఆవిడ మా పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

“అమ్మమ్మగారూ, మీకు మగపిల్లలెవరైనా చిన్నప్పుడు పోయారా?”

పిన్ని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఒకడు దక్కలేదమ్మా. నాలుగేళ్ళవాడు. ఒంటినిండా గడ్డలు లేచి పోయాడు. సర్పి అన్నారు ఊళ్ళో” అంది.

వీడికి మేనమామ అయ్యే ఆ పిల్లాడి సంగతి మా చెల్లెలికి పెళ్ళై ఇద్దరు పిల్లలు పుట్టేదాకా తెలియదు. ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

పరీక్ష పేరు డీహెచ్ఆర్. కాస్త రక్తం తీసి, అందులోని తెల్లకణాలను రెచ్చగొట్టి చూస్తారు. మామూలు కణాలైతే బ్యాక్టీరియాను చంపే ఆక్సిజన్ రసాయనాలు తయారుచేస్తాయి, ఆ రసాయనాలు తగిలి రంగుపదార్థం వెలుగుతుంది. వీడి కణాలు వెలగలేదు. బ్యాక్టీరియాను మింగుతున్నాయి, చంపలేకపోతున్నాయి. మింగినవి లోపల బతికే ఉండి బిళ్ళలుగా, గడ్డలుగా తేలుతున్నాయి. క్రానిక్ గ్రాన్యులొమాటస్ డిసీజ్ అంటారు. 1950లలో దీన్ని మొదట వర్ణించినప్పుడు పేరులోనే ‘ప్రాణాంతక’ అని ఉండేది. ఇప్పుడు లేదు, ఎందుకంటే రోజూ కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్, ఫంగస్ రాకుండా ఇట్రాకొనజోల్ ఇస్తూ కాపాడుకోవచ్చు. మూలకణాల మార్పిడితో పూర్తిగా నయం చేయొచ్చు కూడా. వీడిలో చెడింది సీవైబీబీ జన్యువు. ఎక్స్ క్రోమోజోమ్ మీదుంది. తల్లికి రెండు ఎక్స్‌లుంటాయి కాబట్టి ఆమె సాధారణంగా బాగానే ఉంటుంది, కొడుక్కి వస్తే మాత్రం దాన్ని సర్దడానికి రెండోది ఉండదు.

ఈ రిపోర్టు వచ్చాక మా చెల్లెలి అత్తగారు అన్న మాట ఏమిటో తెలుసా? “అయితే మీ వైపు నుంచే వచ్చిందన్నమాట.” పాల నింద పోయి జన్యువు నింద వచ్చింది. జన్యువుల గురించి మాట్లాడేవాళ్ళం ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. తల్లి ఏమీ ఎంచుకోలేదు, తనకి తెలిసి దాచలేదు. నిజానికి ఆ రిపోర్టు చెప్పేది ఆవిడ పెంపకంలో లోపం లేదనే. ఆ డాక్టరు ఈ మాటని అత్తగారి ముందే, రెండుసార్లు చెప్పింది. కౌన్సెలింగ్ అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఈ కథలో నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది జబ్బు కాదు, మొదటి చీముని కల్చర్‌కి పంపకపోవడం. ఏ బ్యాక్టీరియానో తెలియకపోతే ఏ జన్యువన్న ప్రశ్నే పుట్టదు. కాలేయంలో స్టాఫిలోకాకస్ గడ్డ అనగానే తెలిసిన డాక్టరుకి తెల్లకణాల మీద అనుమానం రావాలి. పదేపదే సాల్మొనెల్లా అంటే ఇంటర్‌ల్యూకిన్-12 దారి. రెండోసారి మెనింగోకాకస్ అంటే కాంప్లిమెంట్. బ్యాక్టీరియా పేరే ఇక్కడ ఆధారం. మన దగ్గర ఆ ఆధారాన్ని రోజూ చేతులారా చెరిపేస్తున్నాం. జ్వరం వచ్చిన రెండోరోజే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకుంటాం. ఆ తర్వాత రక్తం కల్చర్‌కి పంపినా ఏమీ మొలవదు. ఇక గల్లీ ల్యాబుల్లో టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్కసారి చేసిన వైడాల్‌ని నమ్ముకుంటే ఈ నగరంలో ప్రతి జ్వరమూ టైఫాయిడే. ‘మా వాడికి నాలుగుసార్లు టైఫాయిడ్ వచ్చింది’ అనే తల్లిదండ్రులు బోలెడుమంది తగులుతారు. వాళ్ళలో నిజంగా సాల్మొనెల్లా పదేపదే వచ్చే పిల్లాడు ఒకడుంటే, ఆ గుంపులో వాణ్ణి ఎలా వెతకాలి?

నవ్వొచ్చే విషయం ఏమిటంటే ఇది టీకాల నగరం. టైఫాయిడ్ కాంజుగేట్ టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట ఆమోదం ఇచ్చినది, 2017 చివర్లో, ఇక్కడి భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీకే. న్యుమోకాకస్ టీకాని ప్రభుత్వం 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి 2021కి దేశమంతా ఇవ్వడం మొదలుపెట్టింది. నా వాదనకి ఇది బలమే. టీకాలు లేని రోజుల్లో న్యుమోకాకస్ ఎవరి మీదైనా పడేది, అందులోంచి జన్యులోపం ఉన్నవాణ్ణి వేరుచేయడం కష్టం. టీకా వేసుకున్న పిల్లాడికి ఆ టీకా ఆపాల్సిన రకం న్యుమోకాకస్సే రక్తంలో పెరిగిందంటే, కారణం వాడి ఒంట్లోనే వెతకాలి.

ఇక మేనరికాల సంగతి. ఈ విషయం ఎత్తగానే వినేవాళ్ళు రెండుగా చీలిపోతారు. మేనరికం చేసుకున్నవాళ్ళు నొచ్చుకుంటారు, చేసుకోనివాళ్ళు ‘మాకు సంబంధం లేదు’ అని లేచిపోతారు. ఇద్దరికీ చెప్పాల్సింది ఉంది. ఉమ్మడి పెద్దల నుంచి వచ్చిన ఒకే ప్రతి, మంచిదైనా చెడ్డదైనా, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ బిడ్డలో కలిసే అవకాశం మేనబావ మరదళ్ళ పెళ్ళిలో ఏ జన్యువుకైనా పదహారింట ఒకటి, మేనమామ మేనకోడలి పెళ్ళిలో ఎనిమిదింట ఒకటి. ఇది లెక్క, నింద కాదు. అలాంటి పెళ్ళిళ్ళలో పుట్టిన పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. కానీ మా చెల్లెలిది మేనరికం కాదు. ఎక్స్ మీది జన్యువుకి మేనరికంతో పనిలేదు. పైగా ‘మాది బయటి సంబంధమే’ అనేవాళ్ళ బయట ఎంత దూరం? అదే కులం, అదే శాఖ, మహా అయితే పక్క జిల్లా.

ఈ మాట నేను ఊహించి చెప్పడం లేదు. మా ఇంటికి దగ్గర్లోనే, హబ్సిగూడలో ఉన్న జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ బృందాలు కలిసి 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సముదాయాల జన్యువులు పరిశీలించాయి. వాటిలో 81 సముదాయాల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచే అందరూ రావడం అన్నది, ఈ విషయంలో పాఠ్యపుస్తకాల్లో చెప్పే ఫిన్లాండ్ వాసులూ అష్కెనాజీ యూదులకన్నా గట్టిగా ఉందని తేలింది. ఆ పరిశోధనలో చూపిన ఉదాహరణ మన వైశ్యులదే: వాళ్ళలో కొందరికి ఆపరేషన్‌కి ముందు ఇచ్చే కండరాలను వదులుచేసే ఒక రకం మందు పడదు, దానికి కారణమైన ఎంజైమ్ లోపం వాళ్ళలో మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ. అది ఇన్ఫెక్షన్లకి సంబంధించిన జన్యువు కాదు. కానీ ఒక సముదాయంలో ఒక అరుదైన మార్పు ఎలా పోగుపడుతుందో అది చూపిస్తుంది. ఇమ్యూనిటీ జన్యువులకి మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది?

మన పాతతరం ఇళ్ళల్లో పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని పేరు పెట్టేవాళ్ళు. ఆ పేరున్న తాత ఎవరింట్లోనైనా ఉంటే ఆయనకి ముందు పుట్టి పోయినవాళ్ళు ఎందరు, మగా ఆడా, ఏ వయసులో, ఎలా పోయారని అడగండి. ఎక్కువమంది పోయింది మశూచి, కలరా, విరేచనాల వల్లే అయి ఉంటుంది. కానీ మగపిల్లలే, తల్లి వైపునే, వరసగా పోయి ఉంటే అది డాక్టరుకి చెప్పదగ్గ సంగతి. ఈ సమాచారం ఏ కంప్యూటర్లోనూ లేదు. అమ్మమ్మల దగ్గరే ఉంది, వాళ్ళు చెప్పరు, మనం అడగం.

ఇంతవరకూ చదివినవాళ్ళు ‘అయితే మా పిల్లలందరికీ జీన్ టెస్ట్ చేయించేద్దాం’ అనుకుంటే, ఆగండి. మొన్నామధ్య మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ‘పిల్లల ఇమ్యూనిటీ జీన్ రిపోర్ట్’ ఆఫర్ పెట్టారు. లాలాజలం పంపిస్తే చాలు, ఎర్ర, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో జాతకం వస్తుంది. చివర్లో ఏ సప్లిమెంట్ కొనాలో కూడా ఉంటుంది. ఇది శుద్ధ దండగ.

ఎందుకంటే జన్యువుల్లో మార్పులు రెండు రకాలు. ఇప్పటిదాకా చెప్పినవి అరుదైనవి, ఒక్కటే చాలు పిల్లాణ్ణి మంచాన పడేయడానికి. రెండో రకం మన అందరిలో తలా కాసిన్ని ఉండేవి. మానోజ్ బైండింగ్ లెక్టిన్ అనే ప్రొటీన్ ఉంది, బ్యాక్టీరియా ఒంటిమీది చక్కెరలను గుర్తుపడుతుంది. అది చాలా తక్కువగా ఉన్నవాళ్ళు జనంలో వందకి ఐదుగురి దాకా ఉంటారు. వాళ్ళలో అత్యధికులకి ఏ జబ్బూ లేదు. టిరాప్ అనే జన్యువులోని ఒక మార్పు న్యుమోకాకస్ నుంచీ క్షయ నుంచీ మలేరియా నుంచీ కూడా కాపాడుతుందని 2007లో పెద్ద వార్త అయింది. తర్వాత వేరే చోట్ల చూసినవాళ్ళలో అందరికీ ఆ ఫలితం రాలేదు. 2016లో కెన్యా పిల్లల్లో న్యుమోకాకస్ రక్తంలోకి పాకే ప్రమాదాన్ని రెట్టింపు చేసే ఒక మార్పు దొరికింది. గట్టి పరిశోధనే. కానీ ఆ మార్పు ఆఫ్రికా జనాల్లోది, దాన్ని తెచ్చి కూకట్‌పల్లి పిల్లాడి రిపోర్టులో ఎర్రరంగు వేయడానికి లేదు. రెట్టింపు అన్నా అసలు ప్రమాదమే వెయ్యిలో ఏ ఒకటో అయితే రెట్టింపు అయ్యేది రెండే.

అలాగని ఈ పరిశోధనలు వృథా అనను. 2010లో మెనింజైటిస్ వచ్చిన పిల్లల జన్యువులన్నీ జల్లెడపడితే ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రొటీన్ చుట్టూ తేడా కనబడింది. మెనింగోకాకస్ మన కాంప్లిమెంట్ నుంచి తప్పించుకోవడానికి ఒంటికి పూసుకునేది సరిగ్గా ఆ ఫ్యాక్టర్ హెచ్‌నే. దాన్ని పట్టుకోవడానికి బ్యాక్టీరియా వాడే ప్రొటీనే ఇప్పుడు బి రకం మెనింగోకాకస్ టీకాల్లో ఉంది. శాస్త్రానికి అది బంగారం. మీ అబ్బాయికి ఆ మార్పు ఉందో లేదో తెలుసుకుని మీరు చేసేది మాత్రం ఏమీ లేదు.

కాబట్టి నా వాదన ఇది: బాగున్న పిల్లలకి జన్యుపరీక్ష వద్దు, ఊరికే జలుబులు చేసే పిల్లలకీ వద్దు. బడికెళ్ళే చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. ఏడాదిలో రెండు న్యుమోనియాలు, లోపలి అవయవాల్లో చీముగడ్డలు, రెండోసారి రక్తంలోనో మెదడు పొరల్లోనో ఇన్ఫెక్షన్, నెలల తరబడి యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోవడం, బరువు పెరగకపోవడం, ఇంట్లో ఇలాగే పోయిన పిల్లలు ఉండటం — వీటిలో ఏదైనా ఉంటే మాత్రం ఆరో కోర్సు యాంటీబయాటిక్ రాసేముందు పరీక్ష చేయాలి. అదీ జన్యుపరీక్షతో మొదలుపెట్టక్కర్లేదు. అందరూ చేయించుకునే సీబీపీ రక్తపరీక్షలోనే లింఫోసైట్లు అనే రకం తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టండి. నెలల పిల్లల్లో మూడు వేలకి తక్కువుంటే వదిలేయకూడదు. ఆ కాగితం ప్రతి ఫైల్లోనూ ఉంటుంది, ఆ లెక్క మాత్రం ఎవరూ వేయరు. తర్వాత ఇమ్యునోగ్లోబ్యులిన్లు, అంటే రక్తంలోని యాంటీబాడీలు. గడ్డలుంటే డీహెచ్ఆర్. దారి దొరికాకే ఎక్సోమ్ పరీక్ష, అంటే ప్రొటీన్లు తయారుచేసే జన్యుభాగాలన్నిటినీ చదవడం. లేదంటే ‘అర్థం తేలని మార్పు’ అని ఒక వాక్యం వచ్చి తల్లిదండ్రుల నిద్ర చెడగొడుతుంది. సీసీఎంబీ కూడా పాల్గొన్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మంది భారతీయుల జన్యువులు చదివింది. అలాంటి వాక్యాలు తగ్గడానికి అది పనికొస్తుంది: మన జనంలో మామూలుగా ఉండే మార్పు ఏదో, నిజంగా చెడ్డది ఏదో చెప్పడానికి యూరప్ పట్టికల మీదే ఆధారపడక్కర్లేదు.

‘పుట్టగానే అందరికీ స్క్రీనింగ్ చేస్తే సరిపోతుంది కదా’ అని ఒక స్నేహితురాలు అంది. అమెరికాలో 2008లో విస్కాన్సిన్‌తో మొదలై ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో చేస్తున్నారు. మన దగ్గరా రావాలి. కానీ ఆ పరీక్ష పట్టుకునేది ముఖ్యంగా టీ కణాలు అనే రకం తెల్లకణాలే లేని తీవ్రమైన లోపాన్ని. మా చెల్లెలి కొడుకు అందులో దొరికేవాడు కాదు, ఐరాక్-4 పిల్లాడూ దొరకడు. వాళ్ళని పట్టుకోగలిగేది వార్డులో ఉన్న డాక్టరే.

మా బావ అభ్యంతరం ఇంకొకటి, డబ్బుది. “తెలిశాక వైద్యం చేయించలేకపోతే తెలిసి ఏం లాభం? తెలియకపోతే కనీసం మనశ్శాంతి.” ఆయన మాటలో కొంత నిజముంది. యాంటీబాడీలు మూడు నాలుగు వారాలకోసారి, జీవితాంతం, బరువుని బట్టి ఎక్కించాలి. మధ్యతరగతి ఇంటికి మోయలేని బరువే. మూలకణాల మార్పిడి అంటే లక్షలు. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఇలాంటి కొన్ని లోపాలకి ఎంపిక చేసిన కేంద్రాల ద్వారా 50 లక్షల దాకా సాయం అందే ఏర్పాటుంది. హైదరాబాదులో ఆ బాధ్యత నిమ్స్ ఆసుపత్రిది, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీది. కానీ ఆ సాయం అడగాలన్నా చేతిలో రోగం పేరు ఉండాలి. ‘ఇమ్యూనిటీ తక్కువ’ అన్న చీటీకి ఏ పథకమూ వర్తించదు.

బావకి నేను చూపించింది వేరే లెక్క. పేరు తెలియని ఆ మూడేళ్ళలో అయిన ఆపరేషన్లు, ఐసీయూ, నెలల తరబడి అక్కర్లేని టీబీ మందులు, మా చెల్లెలు మానేసిన ఉద్యోగం ఒకవైపు. పేరు తెలిశాక వాడు రోజూ మింగే కోట్రైమాక్సజోల్ మాత్ర ఇంకోవైపు, దాని ధర కొద్ది రూపాయలు. ఫంగస్ మందుకి ఇంకాస్త అవుతుంది. మార్పిడికి వాడి అక్క కణాలు సరిపోతాయా అని పరీక్షకి ఇచ్చారు, సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. సరిపోయినా, ఆమె కూడా తల్లిలా ఆ జన్యువుని మోస్తోందేమో ముందు చూసుకోవాలట. ఆ రిపోర్టు కోసం చూస్తున్నాం.